కడుపులో బిడ్డ, చేతిలో మాత్ర: కుంగుబాటు మందులపై రెండు దశాబ్దాల లెక్కలు

నెల తప్పిందని తెలిసిన రోజు చాలా ఇళ్లలో మందుల డబ్బా ఒకసారి బయటికి వస్తుంది. తలనొప్పి మాత్ర, దగ్గు సిరప్పు, గ్యాస్ గోలీ ఒక్కొక్కటే పక్కకు వెళ్లిపోతాయి. బొప్పాయి తినొద్దు, బరువులు ఎత్తొద్దు అన్న మాటలతో పాటే 'ఇక ఏ మందూ వద్దు' అన్న మాటా వస్తుంది. అలా పక్కకు వెళ్లిపోయే వాటిలో కొన్నిసార్లు సెర్ట్రాలిన్, ఎసిటాలోప్రామ్, ఫ్లూయోక్సెటిన్ లాంటి పేరున్న స్ట్రిప్పు కూడా ఉంటుంది. కుంగుబాటుకో, తీవ్రమైన ఆందోళనకో ఏడాదిగా, రెండేళ్లుగా వాడుతున్న మందు అది. అత్తింట్లో ఆ సంగతి తెలియకపోతే ఆపడం మరీ సులువు. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు.

కొద్ది రోజుల్లోనే తల తిరగడం, వికారం, నిద్ర పట్టకపోవడం, తలలో కరెంటు జిల్లుమన్నట్టు అనిపించడం మొదలుకావచ్చు. ఇలాంటి మందును ఒక్కసారిగా మానేస్తే కనిపించే లక్షణాలివి. ఇంట్లోవాళ్లు మాత్రం వేవిళ్లనుకుంటారు. ఆ తర్వాత కొన్ని వారాలకో నెలలకో పాత జబ్బు తిరిగివస్తే, దాన్నీ 'ఈ సమయంలో మామూలే' అనుకుని సర్దుకుపోతారు.

బిడ్డ మేలు కోరి చేసిన పనే ఇది. అది నిజంగా బిడ్డకు మేలు చేస్తోందా అన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి శాస్త్రవేత్తలకు దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. లక్షలాది కాన్పుల రికార్డులను తిరగేయాల్సి వచ్చింది. వచ్చిన జవాబు 'సురక్షితం', 'ప్రమాదం' అన్న రెండు మాటల్లో ఇమిడేది కాదు. కానీ ఒక సంగతి మాత్రం తేటపడుతూ వచ్చింది. మాత్ర మీద పడిన నిందల్లో చాలా భాగం అసలు జబ్బుకు చెందినవి.

ఆపినవాళ్లు, కొనసాగించినవాళ్లు

2006లో అమెరికా వైద్య పత్రిక జామాలో ఒక అధ్యయనం వచ్చింది. గతంలో తీవ్రమైన కుంగుబాటు వచ్చి, మందులతో కోలుకుని, గర్భం దాల్చే నాటికి బాగానే ఉన్న 201 మంది మహిళలను పరిశోధకులు కాన్పు దాకా గమనించారు. మందు కొనసాగించిన 82 మందిలో 21 మందికి, అంటే 26 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. మానేసిన 65 మందిలో 44 మందికి, అంటే 68 శాతం మందికి తిరగబెట్టింది. గర్భిణిగా ఉన్నప్పుడు హార్మోన్లు మనసుకు కాపు కాస్తాయన్న పాత నమ్మకానికి ఈ అంకెలు పెద్ద దెబ్బ.

అయితే ఈ మహిళలంతా పెద్ద మానసిక వైద్య కేంద్రాలకు వచ్చినవాళ్లు, చాలామంది జబ్బు చరిత్ర బరువైనది. 2011లో మరో అమెరికా బృందం మామూలు ప్రసూతి క్లినిక్కుల నుంచి దాదాపు 800 మందిని తీసుకుని చూస్తే, మందు మానేసినవాళ్లకూ కొనసాగించినవాళ్లకూ మధ్య అంత తేడా కనిపించలేదు. గర్భానికి ముందే నాలుగు లేదా అంతకంటే ఎక్కువసార్లు కుంగుబాటు వచ్చినవాళ్లకు మాత్రం ముప్పు స్పష్టంగా ఎక్కువగా ఉంది. రెండు అధ్యయనాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నట్టు అనిపించినా, అవి చూసింది వేర్వేరు మనుషులను. ఒక్కసారే, అదీ తేలికగా కుంగుబాటు వచ్చి, చాన్నాళ్లుగా బాగున్న మహిళ డాక్టరు సలహాతో మోతాదు మెల్లగా తగ్గించుకుని ఆపగలగవచ్చు. మళ్లీ మళ్లీ జబ్బు పడిన మహిళకు, ఒకప్పుడు చనిపోవాలని ప్రయత్నించిన మహిళకు అదే సలహా ప్రమాదకరం.

పరీక్షించలేని ప్రశ్న

ఒక మందు పనిచేస్తోందా, హాని చేస్తోందా అని తేల్చడానికి వైద్యశాస్త్రానికి ఉన్న మంచి పద్ధతి ఒకటే. మనుషులను చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మందు, ఇంకో గుంపుకు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూడటం. గర్భిణుల విషయంలో ఈ పని దాదాపు జరగలేదు. కారణం థాలిడొమైడ్.

1950ల చివర్లో పశ్చిమ జర్మనీలో మొదలై అనేక దేశాల్లో నిద్రకు, వేవిళ్లకు వాడిన ఆ మందు వల్ల 10,000 మందికి పైగా పిల్లలు చేతులు, కాళ్లు సరిగా ఎదగకుండా పుట్టారు. 1961లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. ఆ భయం మందుల నియంత్రణను మార్చేసింది. 1977లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, గర్భం వచ్చే అవకాశమున్న మహిళలను తొలిదశ మందుల పరీక్షల నుంచి దూరంగా ఉంచాలని సూచించింది. 1993లో ఆ సూచనను మార్చుకున్నా, గర్భిణులు మాత్రం బయటే ఉండిపోయారు. గర్భిణులను కాపాడాలనే ఈ పని చేశారు. దాని ఫలితంగా గర్భిణులకు ఏ మందు గురించీ గట్టిగా చెప్పలేని స్థితి వచ్చింది. పరీక్ష పరిశోధనశాలలో జరగలేదు, ఇళ్లలో జరిగింది. వైద్యులకు మిగిలింది, జరిగిపోయిన దాని రికార్డులను వెనక్కి తిరిగి చదవడం.

ఎస్‌ఎస్‌ఆర్‌ఐలన్న తరగతి మందుల్లో ఫ్లూయోక్సెటిన్‌కు అమెరికాలో 1987 డిసెంబరులో అనుమతి వచ్చింది. సెర్ట్రాలిన్, పారాక్సెటిన్, ఎసిటాలోప్రామ్ ఆ తర్వాత వచ్చాయి. మెదడు కణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్‌ను ఆ కణాలు తిరిగి లోపలికి లాగేసుకోకుండా ఇవి అడ్డుకుంటాయి. ఇవి మాయను దాటి బిడ్డ రక్తంలోకి వెళతాయి. మందును బట్టి ఎంత చేరుతుందన్నది మారుతుంది. సెర్ట్రాలిన్ సాధారణంగా తక్కువగా చేరే వాటిలో ఒకటి. సెరటోనిన్ మెదడుకే పరిమితమైన పదార్థం కాదు. పిండంలో గుండె రూపుదిద్దుకునే దశలోనూ దానికి పాత్ర ఉందని జంతువులపై ప్రయోగాలు చెబుతున్నాయి. కాబట్టి అనుమానానికి ఆధారం లేకపోలేదు.

గుండె లెక్క

2005లో పారాక్సెటిన్‌పై హెచ్చరిక వచ్చింది. మొదటి మూడు నెలల్లో వాడితే బిడ్డకు గుండె లోపాల ముప్పు పెరగవచ్చని ఎఫ్‌డీఏ చెప్పింది. ఆ ఒక్క మందు గురించి చెప్పిన మాట జనంలోకి 'డిప్రెషన్ మందులతో గుండె జబ్బులు' అన్న మాటగా వెళ్లింది.

2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం ఈ లెక్కను విడదీసి చూపింది. అమెరికాలో పేదల కోసం నడిచే ప్రభుత్వ వైద్య బీమా పథకం మెడికెయిడ్ రికార్డుల నుంచి 9,49,504 మంది గర్భిణుల వివరాలు తీసుకున్నారు. వారిలో 64,389 మంది మొదటి మూడు నెలల్లో ఏదో ఒక కుంగుబాటు మందు వాడారు. మందు వాడని తల్లుల పిల్లల్లో 10,000 మందికి 72 మందికి గుండె లోపాలు ఉంటే, వాడిన తల్లుల పిల్లల్లో 90 మందికి ఉన్నాయి. ఇక్కడితో ఆగిపోతే వార్త తయారు: 'ముప్పు నాలుగో వంతు పెరిగింది'.

పరిశోధకులు అక్కడ ఆగలేదు. మందు వాడినవాళ్లెవరు? కుంగుబాటు ఉన్నవాళ్లు. వాళ్లలో పొగ తాగేవాళ్లు ఎక్కువ, షుగరు, బీపీ, ఊబకాయం ఎక్కువ, ఇతర మందులు వాడేవాళ్లు ఎక్కువ. ఇవన్నీ గుండె లోపాలకు విడిగా కారణం కాగలవు. అందుకని కుంగుబాటు లేనివాళ్లతో పోల్చడం మానేసి, కుంగుబాటు ఉండి మందు వాడినవాళ్లను, కుంగుబాటు ఉండీ మందు వాడనివాళ్లతో పోల్చారు. వయసు, ఇతర జబ్బులు, మందులు వీలైనంత సరిసమానంగా ఉండేలా లెక్క కట్టారు. అప్పుడు ఎస్‌ఎస్‌ఆర్‌ఐల తేడా 6 శాతానికి పడిపోయింది. అంత చిన్న తేడా కేవలం కాకతాళీయంగా కూడా రావచ్చు.

ఇంతటితో అందరూ ఒప్పుకున్నారని కాదు. 2015లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ పరిశోధకులు వేరే సమాచారంతో చూసినప్పుడు, సెర్ట్రాలిన్ మీద అంతకు ముందు వచ్చిన అనుమానాలు నిలబడలేదు. పారాక్సెటిన్, ఫ్లూయోక్సెటిన్‌ల మీద కొన్ని నిలబడ్డాయి. పారాక్సెటిన్ వాడితే గుండె కుడి భాగం నుంచి రక్తం బయటికి వెళ్లే దారిలో అడ్డంకి ఏర్పడే ముప్పు 10,000 మందిలో 10 నుంచి 24కు పెరగవచ్చని వాళ్ల అంచనా. రెండింతల కంటే ఎక్కువ అన్నా నిజమే, 10,000 మందిలో 9,976 మందికి ఆ లోపం రాదన్నా నిజమే. ఏ మందూ వాడకున్నా ప్రతి 100 కాన్పుల్లో సుమారు ముగ్గురు పిల్లలకు ఏదో ఒక పుట్టుకతో వచ్చే లోపం ఉంటుంది. డాక్టరు గదిలో ఈ చివరి అంకె వినకుండా మిగతా అంకెలు వింటే భయం తప్ప ఏమీ మిగలదు.

తోబుట్టువుల సాక్ష్యం

అన్నిటికంటే ఎక్కువ కలవరం రేపింది ఆటిజం. 2015 డిసెంబరులో కెనడాలోని క్యూబెక్ నుంచి 1,45,456 మంది పిల్లలపై ఒక అధ్యయనం వచ్చింది. నాలుగో నెల నుంచి కాన్పు వరకు ఉన్న కాలంలో తల్లి కుంగుబాటు మందు వాడితే బిడ్డకు ఆటిజం ముప్పు 87 శాతం ఎక్కువని అందులో ఉంది. ఆ 87 ప్రపంచమంతా తిరిగింది. ఆ అధ్యయనంలోని మొత్తం పిల్లల్లో ఆటిజం నిర్ధారణ అయినవాళ్లు 0.72 శాతమేనన్న అంకె మాత్రం అంత దూరం వెళ్లలేదు.

కుంగుబాటుకు, ఆటిజానికి జన్యువుల్లో కొంత ఉమ్మడి మూలం ఉంది. కుంగుబాటున్న తల్లికి ఆటిజం ఉన్న బిడ్డ పుట్టే అవకాశం, మందుతో సంబంధం లేకుండానే, కొంచెం ఎక్కువ. మరి మాత్ర వాటాను, వంశం వాటాను విడదీయడం ఎలా? దీనికి దొరికిన ఉపాయం భలే తెలివైనది. ఒకే తల్లికి పుట్టిన ఇద్దరు పిల్లలను తీసుకోవడం. ఒకరు కడుపులో ఉన్నప్పుడు ఆమె మందు వాడింది, మరొకరు ఉన్నప్పుడు వాడలేదు. తల్లి జన్యువులు అవే, ఇల్లూ దాదాపు అదే. తేడా మందు వల్ల వస్తే, మందు తగిలిన బిడ్డలోనే ఆటిజం ఎక్కువ కనబడాలి.

స్వీడన్‌లో ప్రతి పౌరుడి వైద్య రికార్డూ ఒకే గుర్తింపు సంఖ్య కింద ఉంటుంది. 2017లో జామాలో వచ్చిన అధ్యయనం అక్కడ పుట్టిన 15,80,629 మంది పిల్లలను చూసింది. మామూలుగా పోల్చితే తేడా పెద్దది. 15 ఏళ్ల వయసు వచ్చేసరికి మందు తగిలిన పిల్లల్లో 5.28 శాతం మందికి, తగలనివాళ్లలో 2.14 శాతం మందికి ఆటిజం. తోబుట్టువులను పక్కపక్కన పెట్టి చూడగానే ఆ తేడా మాయమైంది. ఏడీహెచ్‌డీ విషయంలోనూ అంతే. అదే సంచికలో కెనడాలోని ఒంటారియో నుంచి వచ్చిన మరో అధ్యయనంలో తోబుట్టువుల పోలికలోనూ నమ్మదగిన సంబంధం తేలలేదు. 2022లో అమెరికాలో 30 లక్షలకు పైగా గర్భాల రికార్డులతో జరిగిన అధ్యయనం కూడా అదే వైపు మొగ్గింది.

తోబుట్టువుల పద్ధతికీ బలహీనత ఉంది. ఒక కాన్పులో మందు అవసరమై, ఇంకో కాన్పులో అవసరం లేకపోయిందంటే, ఆ రెండు సమయాల్లో తల్లి జబ్బు ఒకేలా లేదని అర్థం. స్టాక్‌హోం నగర పిల్లలపై 2017లో వచ్చిన ఒక అధ్యయనం మందుకు కొంత వాటా ఉండవచ్చన్న అనుమానాన్ని పూర్తిగా కొట్టిపారేయలేదు. మానసిక జబ్బు ఉండి మందు వాడిన తల్లుల పిల్లల్లో 4.1 శాతం, వాడని తల్లుల పిల్లల్లో 2.9 శాతం ఆటిజం కనిపించింది. ఆ తేడా మొత్తం మందుదే అని ఒప్పుకున్నా, గర్భిణులెవరూ ఈ మందులు వాడకుండా ఆపేస్తే తగ్గే ఆటిజం కేసులు 2 శాతానికి మించవని ఆ పరిశోధకులే లెక్కగట్టారు.

మిగిలిన ముప్పులు

అన్ని నిందలూ చెరిగిపోలేదు. స్వీడన్ తోబుట్టువుల లెక్కలోనే, నెలలు నిండకుండా పుట్టడం మాత్రం మందు తగిలిన బిడ్డల్లో కొంచెం ఎక్కువగానే మిగిలింది. కాన్పు సమయంలో మందు వాడుతున్నవాళ్లకు రక్తస్రావం ముప్పు కూడా స్వల్పంగా పెరుగుతుంది. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లకూ సెరటోనిన్ అవసరం కాబట్టి దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. ఈ రెండూ ప్రసూతి డాక్టరుకు ముందే తెలిసి ఉండాల్సినవి.

పుట్టిన బిడ్డ ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం తగ్గకుండా ఉండిపోయే అరుదైన స్థితి ఒకటుంది. గర్భం చివరి నెలల్లో ఎస్‌ఎస్‌ఆర్‌ఐ వాడితే దీని ముప్పు ఆరు రెట్లు పెరుగుతుందని 2006లో ఒక చిన్న అధ్యయనం చెప్పింది, ఎఫ్‌డీఏ హెచ్చరించింది. 2011లో అదే ఎఫ్‌డీఏ ఆధారాలు పొంతన లేకుండా ఉన్నాయని మాట సవరించుకుంది. 2015లో దాదాపు 38 లక్షల గర్భాలను చూస్తే, మందు లేనిచోట 10,000 మందికి 21 మంది, ఉన్నచోట 31 మంది. మిగతా కారణాలు తీసేశాక ఆ తేడా ఇంకా చాలా కుదించుకుపోయింది.

ఎక్కువగా కనిపించేది, తల్లిని బాగా భయపెట్టేది, తొందరగా తగ్గిపోయేది ఇంకొకటి. కాన్పు వరకూ మందు వాడిన తల్లుల బిడ్డల్లో సుమారు 30 శాతం మందిలో మొదటి రెండు రోజుల్లో వణుకు, ఊరికే ఏడవడం, పాలు సరిగా తాగకపోవడం, వేగంగా ఊపిరి తీయడం లాంటివి కనిపించవచ్చు. చాలామందిలో ఇవి తేలికగానే ఉండి, కొద్ది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. బిడ్డను ఒంటికి హత్తుకుని పడుకోవడం, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పాలివ్వడం, గమనిస్తూ ఉండటం సాధారణంగా సరిపోతుంది. పిల్లల డాక్టరుకు మందు సంగతి తెలియకపోతే అదే వణుకు ఇన్‌ఫెక్షన్ అనుమానంగా మారి, బిడ్డకు రకరకాల పరీక్షలు మొదలవుతాయి.

ఇక్కడ ఒక తేడా గట్టిగా చెప్పుకోవాలి. మానసిక జబ్బులకు వాడే మందులన్నీ ఒకటి కాదు. బైపోలార్ జబ్బుకు, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ కుంగుబాటు మందు కాదు. గర్భంలో దాని హాని నిస్సందేహంగా రుజువైంది. అది తగిలిన పిల్లల్లో సుమారు 10 శాతం మందికి అవయవ లోపాలు, 30 నుంచి 40 శాతం మందికి ఎదుగుదల, బుద్ధి వికాస సమస్యలు వస్తాయి. పిల్లల్ని కనే ఆలోచన ఉన్న మహిళ ముందే డాక్టరుతో మాట్లాడి దాన్ని మార్పించుకోవాలి. ఇలాంటి మందుతో సెర్ట్రాలిన్‌ను ఒకే గాటన కట్టడం వల్ల రెండు వైపులా నష్టమే జరుగుతోంది.

2025 జులై 21న ఎఫ్‌డీఏ గర్భిణులు ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు వాడటంపై ఒక నిపుణుల చర్చ ఏర్పాటు చేసింది. అందులో ఎక్కువమంది మందుల ముప్పు గురించే మాట్లాడారు. జబ్బుకు వైద్యం చేయకపోతే ఏమవుతుందన్న వైపు తూకం సరిగా లేదని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం వెంటనే విమర్శించింది. అక్కడి వీడియోల ముక్కలు ఇక్కడి ఫోన్లలోకి రావడానికి గంటలు కూడా పట్టని కాలం ఇది.

తక్కెడలో రెండో పళ్లెం

మన దేశంలో బాలింతల కుంగుబాటుపై 38 అధ్యయనాలను, 20,043 మంది తల్లుల వివరాలను కలిపి చూసిన సమీక్ష 2017లో వచ్చింది. సగటున 22 శాతం మందిలో కుంగుబాటు ఉందని, దక్షిణాదిలో అది 26 శాతమని తేలింది. 2002లో గోవాలో 270 మంది తల్లులపై జరిగిన అధ్యయనంలో కుంగుబాటుతో గట్టిగా ముడిపడినవి పేదరికం, భర్త కొట్టడం, పుట్టింది ఆడపిల్ల కావడం. వీటికి ఏ మాత్రా మందు కాదు. నిమ్హాన్స్ నేతృత్వంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం తీవ్రమైన కుంగుబాటు ఉన్నవాళ్లలో సుమారు 85 శాతం మందికి చికిత్సే అందడం లేదు. కాబట్టి మన దగ్గర గర్భిణులకు మందు ఎక్కువైందన్నది చిన్న సమస్య, జబ్బును ఎవరూ గుర్తించకపోవడమే పెద్ద సమస్య.

గుర్తించని జబ్బు కూడా బిడ్డ దాకా వెళుతుంది. ఆకలి లేని తల్లి బరువు పెరగదు, ఐరన్ మాత్రలు మానేస్తుంది, చెకప్‌లకు వెళ్లదు. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో గర్భంలోనే కుంగుబాటు ఉన్న తల్లుల పిల్లలు, లేని తల్లుల పిల్లల కంటే సగటున వంద గ్రాములకు పైగా తక్కువ బరువుతో పుట్టారు. కేరళలో ప్రసూతి వైద్యుల సమాఖ్య 2004 నుంచి మాతృ మరణాలను పేర్లు బయటపెట్టకుండా సమీక్షిస్తోంది. రక్తస్రావం లాంటి పాత కారణాలు అదుపులోకి వస్తున్న కొద్దీ ఆ జాబితాలో ఆత్మహత్య పైకి వచ్చింది. బ్రిటన్‌లో కాన్పు తర్వాత ఆరు వారాల నుంచి ఏడాది లోపు గర్భం, కాన్పులతో నేరుగా ముడిపడిన మరణాలకు మొదటి కారణం అదే.

మందు ఒక్కటే దారి కాదన్నదీ ఈ ప్రాంతం నుంచే ప్రపంచం నేర్చుకుంది. అదే రావల్పిండి జిల్లాలో, మన ఆశా కార్యకర్తల్లాంటి లేడీ హెల్త్ వర్కర్లకు స్వల్పకాలిక శిక్షణ ఇచ్చి, కుంగుబాటున్న గర్భిణుల ఇళ్లకు పంపారు. కాన్పుకు నెల ముందు మొదలుపెట్టి బిడ్డకు పది నెలలు వచ్చేదాకా వాళ్లు వెళ్లి కూర్చుని మాట్లాడారు. మనసులో పేరుకున్న ఆలోచనలను ఎలా మార్చుకోవచ్చో, బిడ్డతో ఎలా ఆడాలో, ఇంట్లోవాళ్ల సాయం ఎలా అడగాలో చెప్పారు. 903 మంది తల్లులపై జరిగిన ఈ అధ్యయనం 2008లో లాన్సెట్‌లో వచ్చింది. ఆరు నెలల తర్వాత ఈ సాయం అందినవాళ్లలో 23 శాతం మందికి, మామూలు సందర్శనలే అందినవాళ్లలో 53 శాతం మందికి కుంగుబాటు మిగిలింది. ఈ పద్ధతిని కొద్ది మార్పులతో తర్వాత గోవాలోనూ పరీక్షించారు. తేలికపాటి, మధ్యస్థ కుంగుబాటుకు మాటల చికిత్సే మొదటి దారి అని ఇప్పుడు చాలా మార్గదర్శకాలు చెబుతున్నాయి. తీవ్రమైన జబ్బుకు మాత్రం మాటలు ఒక్కటే సరిపోవు.

ఎప్పుడు మాట్లాడాలి

బిడ్డ గుండె గర్భం కుదిరిన మూడు వారాలకే కొట్టుకోవడం మొదలవుతుంది. నాలుగు వారాలకల్లా వెన్నుపాము గొట్టం మూసుకుంటుంది. నెల తప్పి, పరీక్ష చేసుకుని, డాక్టరును కలిసేసరికి ఈ పనుల్లో చాలా భాగం అయిపోయి ఉంటుంది. ఆ రోజున హడావిడిగా మందు ఆపేస్తే, అవయవాలు ఏర్పడే దశలో తగలాల్సింది అప్పటికే తగిలి ఉంటుంది, జబ్బు తిరగబెట్టే ముప్పు మాత్రం కొత్తగా వచ్చి చేరుతుంది. బాగా పనిచేస్తున్న మందును గర్భంలో మార్చడం కూడా అంత తెలివైన పని కాదు, బిడ్డకు ఒకటికి రెండు మందులు తగులుతాయి, కొత్తది పనిచేస్తుందన్న హామీ లేదు. అందుకే మానసిక వైద్యులు ఈ మాట పెళ్లినాడో, పిల్లల గురించి ఆలోచన వచ్చిననాడో జరగాలంటారు.

మోతాదు విషయంలో సామాన్యంగా ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. గర్భిణి ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. కొన్ని మందులను విరగ్గొట్టే కాలేయపు ఎంజైములు చురుకవుతాయి, కొన్ని మందగిస్తాయి. పారాక్సెటిన్ లాంటి మందు అదే మోతాదులో వేసుకుంటున్నా ఏడు, ఎనిమిదో నెలల్లో రక్తంలో దాని స్థాయి తగ్గిపోవచ్చు. 'బిడ్డ కోసం సగం మాత్ర వేసుకుంటున్నా' అనుకునే తల్లికి, జబ్బు నయం చేయని మోతాదులో మందు వేసుకుంటున్న పరిస్థితి రావచ్చు. అప్పుడు బిడ్డకు మందూ తగులుతుంది, జబ్బూ తగులుతుంది.

మన తెలుగు ఇళ్లలో దీనికి ఇంకో మెలిక కూడా ఉంది. తొలి కాన్పుకు ఏడో నెలలో అమ్మాయిని పుట్టింటికి తీసుకెళతారు. మందు రాసిన సైకియాట్రిస్టు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటాడు, కాన్పు చేసే డాక్టరు పుట్టింటి ఊళ్లో ఉంటుంది. సరిగ్గా మోతాదు చూసుకోవాల్సిన నెలల్లో చీటీ చేతులు మారుతుంది, లేదా మారకుండా అత్తింట్లోనే ఉండిపోతుంది. స్కానింగ్ రిపోర్టులన్నీ ఉన్న ఫైల్లో ఆ ఒక్క కాగితమే ఉండదు.

ఆ ఫైల్లో మందు పేరు, మోతాదు, ఎప్పటి నుంచి వాడుతున్నదీ రాసిన చీటీ ఉంటే కాన్పు గదిలో రక్తస్రావానికి సిద్ధంగా ఉంటారు, బిడ్డను రెండు మూడు రోజులు గమనిస్తారు. పాలివ్వడం ఆపమనే అవసరం చాలా అరుదు. సెర్ట్రాలిన్ వాడే తల్లుల పిల్లల రక్తంలో చాలాసార్లు ఆ మందు కొలవడానికి కూడా దొరకదు. జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మూడేళ్ల లోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే వార్డు 2009 నుంచి ఉంది. సైకియాట్రిస్టు దగ్గరలో లేని ఊళ్లో, మందు గురించి, జబ్బు గురించి, చనిపోవాలన్న ఆలోచనల గురించి మాట్లాడటానికి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. అక్కడ తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మాత్ర మానేయాలని అనిపించిన రోజు ఆ ఫోన్ చేసేదాకా, లేదా డాక్టరును కలిసేదాకా ఆ రోజు మాత్ర వేసుకోవడమే మంచిది.